విప్పుడు సూరమ్మ

టాటానగర్‌లోని సీతారాండేరా బస్తీలో సూరమ్మ అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ క్రోషియా అల్లిక నేర్పేది. నేర్పించి, అల్లించి, అల్లిందంతా విప్పేసేది. ఆవిడ గురించి చెప్పడానికి ఈ రెండు ముక్కలు చాలు. మిగతావన్నీ ఆవిడ చేతిలో పడ్డవాళ్ల కథలు.

నేర్పేది ఒకటే వస్తువు: ఒళ్లు రుద్దుకోవడానికి పనికొచ్చే జానెడు నూలుగుడ్డ. అందులో పువ్వులూ లేవు, నెమళ్లూ లేవు. కొసన కొక్కెం ఉన్న సూది, ఒక దారం ఉండ, ముందు ఒక వరస గొలుసు, ఆ గొలుసు మీద వరస వెంట వరస కుట్లు. నాలుగు వైపులా సమానంగా వస్తే గుడ్డ పూర్తయినట్టే. అయితే కొత్తగా అల్లేవాళ్లు వరస చివరి కుట్టు వదిలేస్తారు, వదిలిన సంగతి వాళ్లకే తెలియదు. నలుచదరంగా మొదలైన గుడ్డ పైకి వెళ్లేకొద్దీ సన్నబడి గోచీలా తయారవుతుంది. సూరమ్మ దాన్ని వెలుగులోకి ఎత్తి చూసి, "ఇక్కడొకటి మింగీసినావు," అని దారం కొస పట్టుకుని లాగేది. సర్రుమని, ఒక్క చిక్కు పడకుండా, వారం రోజుల కష్టం ఆవిడ ఒళ్లో దారమై పడేది. విప్పడానికి తుమ్మినంత సేపు కూడా పట్టేది కాదు.

ఆవిడ భర్త జగ్గారావు టాటానగర్ రైల్వే యార్డులో షంటరు. ఓ చలికాలం ఆయన డ్యూటీకి బయల్దేరుతుంటే గుమ్మంలో ఆపింది.

"స్వెటర్ కుడి సేతికాడ ఒక వరస బిగుసుకుపోనాది."

"డూటీ టైమైపోనాది సూరమ్మా. వచ్చినాక సూద్దువు గానీ."

"అరనిమిసం."

ఆ అరనిమిషంలో స్వెటర్ కుడి చెయ్యి మాయమైంది. ఆ చలికాలమంతా ఆయన ఒంటిచేతి స్వెటర్‌తోనే వేగన్లు కలిపించాడు. ఇదేమిటని ఎవరైనా అడిగితే, "కుడిసేత్తో జెండా ఊపాల గదా, గాలాడాల," అనేవాడు గాని భార్యను పల్లెత్తు మాట అనలేదు.

ఇంట్లోవాళ్లతో ఆగితే బాగుండేది. ఓసారి దుర్గాపూజ పందిట్లో ముందు కూర్చున్న బెంగాలీ ఆవిడ శాలువా అంచు నుంచి దారం కొస వేలాడుతోంది. హారతి వైపు చూస్తూ సూరమ్మ ఎంత నిగ్రహించుకుందో అమ్మవారికే తెలియాలి. హారతి అయ్యేసరికి ఆ శాలువాకి అంచు లేదు, సూరమ్మ గుప్పిట్లో దారం ఉండ ఉంది. మర్నాడే కొత్త అంచు అల్లి ఇంటికి పట్టుకెళ్లి ఇచ్చిందనుకోండి. అయినా ఆ బెంగాలీ ఆవిడ మరుసటేడు పూజకి మిల్లు దుప్పటి కప్పుకుని వచ్చింది.

దారం కొనే అలవాటు సూరమ్మకి లేదు. పనిలో వేసుకునే నూలు గ్లౌజులు చిరిగిపోతే వీధిలోని మగవాళ్లు ఆవిడ గుమ్మంలో పడేసి పోయేవారు. వాటిని విప్పి, ఉడకబెట్టి, ఆరేసేది. విప్పడానికి పనికిరాని వస్తువు ఈ భూమ్మీద ఆవిడకి ఒక్కటీ కనబడలేదు.

ఇటువంటి సూరమ్మకి డెబ్భై ఎనిమిదిలో దసరా వెళ్లాక చిలకమ్మ చిక్కింది.

చిలకమ్మ చీపురుపల్లి దగ్గరి పల్లె నుంచి మేనబావ ఆదిబాబుని చేసుకుని వచ్చింది. వచ్చి ఇంకా రెండేళ్లు కాలేదు. ఆదిబాబు ఉక్కు కంపెనీలో క్రేన్ డ్రైవరు. షెడ్డు కప్పుకింద, అంతెత్తున చిన్న గదిలో కూర్చుని, లివర్లు పట్టుకుని లారీలంత ఇనుప దిమ్మల్ని అలవోకగా లేపి పెట్టేవాడు. ఆ వర్షాకాలం సాక్చి బజారు నుంచి వస్తూ సైకిలు జారి పడి కుడిచెయ్యి విరగ్గొట్టుకున్నాడు. కట్టు తీసేసరికి ఎముక అతికింది గాని వేళ్లు కర్రల్లా బిగుసుకుపోయాయి. డాక్టరు ఓ రబ్బరు బంతి ఇచ్చి రోజూ పిసకమన్నాడు. చలికాలం పోకముందే పరీక్ష ఉంటుందనీ, పిడికిలి గట్టిగా బిగిస్తేనే మళ్లీ క్రేన్ ఎక్కనిస్తారనీ, లేకపోతే కింద ఏదైనా కూర్చునే పని చూస్తారనీ చెప్పాడు.

కింద పని అన్న మాట వినగానే ఆదిబాబు సగం చచ్చిపోయాడు. చేతిని తువ్వాలు కింద దాచుకుని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"బంతి పిసకవేటి బావా?"

"నానేటి సిన్నపిల్లోణ్ణా, బంతాట ఆడ్డానికి?"

"డాక్టరు సెప్పినాడు గదా."

"డాక్టర్నే పిసుక్కోమను."

బంతి వీధి పిల్లలకి దక్కింది. వాళ్లు దానితో క్రికెట్ ఆడి ఎవరి మేడ మీదికో కొట్టేశారు. చిలకమ్మ కుళాయి దగ్గర బిందె నిండిపోయి పొర్లుతున్నా చూసుకోకుండా ఏడుస్తుంటే సూరమ్మ వచ్చి కుళాయి కట్టేసింది.

"నీల్లు ఎందుకు పాడుసేత్తావు అమ్మీ. రేపు మజ్జాన్నం నాకాడికి రా. సెయ్యి కాళీగా ఉంటే మనసు ఎక్కడెక్కడికో ఎల్తాది."

చిలకమ్మ వెళ్లింది. సూది పట్టుకుంది. పట్టుకున్నాక ఎవరికీ చెప్పకుండా మనసులో ఒక ముడి వేసుకుంది: తను ఒక్క గుడ్డ పూర్తిచేస్తే బావ చెయ్యి బాగైపోతుంది. అందుకని పళ్లబిగువున అల్లింది. నాలుగు వేళ్ల మేర అల్లి, గర్వంగా సూరమ్మ చేతిలో పెట్టింది. సూరమ్మ వెలుగులోకి ఎత్తి చూసింది. సర్రుమంది.

"ఇప్పిన దారం వంకీలు తిరిగిపోతాది," అంది సూరమ్మ, చిలకమ్మ కళ్లలో నీళ్లు తనవి కానట్టే. "తడిపి, సాగదీసి, రేపటికి ఉండ సుట్టుకు రావాల. నువ్వు సుట్టకు. అల్లే సేతులు అలిసిపోతే కుట్లు బిగుసుకుంటాయి. మీ ఇంట్లో అల్లనోల్లు ఎవులున్నారు?"

"మా బావొక్కడే."

"అయితే ఆడే సుట్టాల. ఉండ కుడిసేత్తో పట్టుకోవాల, దారం ఎడంసేత్తో తిప్పాల. తేడా వత్తే పురి ఇడిపోద్ది." గూట్లోంచి ఒక బత్తాయి తీసి ఇచ్చింది. "దీని మీద సుట్టమను."

"బత్తాయి మీదేటి పెద్దమ్మా?"

"నూలుకి సలవ సెయ్యాల."

క్రోషియా తెలిసినవాళ్లెవరూ నూలుకి చలవ చెయ్యడం గురించి విని ఉండరు. చిలకమ్మకి క్రోషియా తెలియదు కాబట్టి నమ్మింది.

ఆ సాయంత్రం తడి దారం మంచం మీద కుప్ప పోసి, సంగతంతా చెప్పి ఏడ్చింది. ఆదిబాబు గోడవైపు నుంచి ఇటు తిరిగాడు.

"ఆ ముసిల్దానికేటి పిచ్చా? అల్లినోల్ల ఉసురు తగల్దా?"

"నాకు పొయ్యి మీద కూరుంది. నువ్వు సుట్టు."

"నానా?"

"నా ఏడుపు నువ్వైనా ఆపాల గదా."

ఆదిబాబు తిట్టుకుంటూ లేచి కూర్చున్నాడు. బత్తాయి మాటిమాటికీ చేతిలోంచి జారి మంచం కిందికి దొర్లింది. దొర్లినప్పుడల్లా సూరమ్మనీ, ఆవిడకి అల్లిక నేర్పినవాళ్లనీ, ఆ సూది కనిపెట్టినవాణ్ణీ కలిపి తిట్టాడు. ఉండ సొరకాయలా వచ్చింది. అయినా రోగి కూర్చుని ఇంత గట్టిగా తిట్టి చాలా రోజులైందని చిలకమ్మకి లోపల్లోపల సంతోషం వేసింది.

అక్కడి నుంచి అదే వరస. పగలు చిలకమ్మ అల్లడం, సూరమ్మ విప్పడం, సాయంత్రం ఆదిబాబు చుట్టడం. తడి దారం పట్టుకుని చిలకమ్మ ఇంటికి వస్తుంటే వీధిలో తొక్కుడుబిళ్ల ఆడే ఆడపిల్లలు, "ఆంటీ, ఆజ్ భీ ఖోల్ దియా?" అని అడిగేవారు. ఇవాళ కూడా విప్పేసిందంటే వాళ్లకదో పండగ.

బత్తాయి పోయి జామకాయ వచ్చింది. జామకాయ పోయి నిమ్మకాయ వచ్చింది.

"బత్తాయి సాల్దేటి ఇప్పుడు?" అన్నాడు ఆదిబాబు.

"సలికాలం గదా, సలవ తగ్గించాలంట."

"ఏ పుస్తకంలో ఉందో అడుగు."

అడిగితే సూరమ్మ, "మీ ఆయన్ని నోరు కాదు, సెయ్యి ఆడించమను," అంది.

ఉసిరికాయ రోజులు వచ్చేసరికి చిలకమ్మ అల్లిక చక్కబడింది. వరస చివరి కుట్టు వదలడం లేదు, అంచు గీత గీసినట్టు వస్తోంది. అయినా విప్పుడు తప్పలేదు. తప్పులు మాత్రం రానురాను విచిత్రంగా తయారయ్యాయి.

"ఈ వరస నన్ను సూసి నవ్వుతున్నట్టుంది," అని ఒకరోజు విప్పేసింది.

"కుట్లు బాగానే ఉన్నాయి గానీ మంగళారం అల్లినావు," అని ఇంకోరోజు.

అటు అల్లిక గతి ఎలా ఉన్నా, ఇంట్లో సాయంత్రాలు మారిపోయాయి. ఆదిబాబు తువ్వాలు పక్కన పడేసి, ఉండ చుడుతూ క్రేన్ కబుర్లు చెప్పేవాడు. పైనుంచి చూస్తే ఫోర్‌మన్ బట్టతల ఎలా మెరుస్తుందో చెప్పి చిలకమ్మను నవ్వించేవాడు. ఉండ ఇప్పుడు గుండ్రంగా, గట్టిగా వస్తోంది. చింతగింజ వచ్చిన నాడు దాన్ని రెండు వేళ్ల మధ్య పట్టుకుని చూసి, "రేపు ఆవగింజ పంపుద్ది," అన్నాడు. చిలకమ్మ మాత్రం పరీక్ష దగ్గరపడేకొద్దీ రోజులు లెక్కపెట్టుకుంది. ఒక్క గుడ్డ కూడా పూర్తి కాలేదు. తను వేసుకున్న ముడి తననే బిగిస్తోంది.

పరీక్ష ముందు సాయంత్రం ఒక్కపట్టున కూర్చుని గుడ్డ పూర్తి చేసింది. దాన్ని సూరమ్మకి చూపించే ధైర్యం చాలక దిండు కింద పెట్టుకుంది. పొద్దున్న ఆదిబాబు ఆసుపత్రికి బయల్దేరాక, కాలు నిలవక కుళాయి దగ్గరికి వెళ్లింది. అక్కడ పోలమ్మ ఉంది. పోలమ్మ కూడా సూరమ్మ దగ్గరే ఏడాదిగా అల్లుతూ, విప్పించుకుంటూ ఉంది.

"అప్పా, మీ ఇంట్లో ఉండ ఎవులు సుడతారు?" అనడిగింది చిలకమ్మ, మాట కోసం.

"ఉండేటి? ఇప్పిన దారం పెద్దమ్మే తడిపి సుట్టుకుంటాది."

"మీ ఆయన సుట్టడేటి?"

"మా ఆయన లుంగీయే సరిగ్గా సుట్టుకోడు."

"మరి నిమ్మకాయ? సింతగింజ?"

పోలమ్మ వింతగా చూసింది. "పులుసు గురించా అమ్మీ నువ్వడుగుతున్నావు?"

చిలకమ్మ బిందె అక్కడే వదిలేసింది. బత్తాయి, జామకాయ, నిమ్మకాయ, ఉసిరికాయ, చింతగింజ. రోజురోజుకీ చిన్నవవుతున్న కాయలు, వాటి వెంట కొద్దికొద్దిగా ముడుచుకుంటూ వచ్చిన బావ వేళ్లు. ఇంట్లోకి పరుగెత్తి, దిండు కింది గుడ్డ తీసుకుని సూరమ్మ ఇంటికి వెళ్లింది. సూరమ్మ గుమ్మంలో నిలబడి వీధి చివరికి చూస్తోంది. చేతిలో సూది లేదు. సూరమ్మని ఉత్తచేతులతో చూడడం చిలకమ్మకి అదే మొదటిసారి.

"వచ్చినాడా?" అంది సూరమ్మ.

"ఇంకా నేదు. పెద్దమ్మా, నా గుడ్డ ఇప్పినది మా బావ సెయ్యి కోసమా?"

"మీ బావ సెయ్యి నాకెందుకు? తప్పుంది, ఇప్పినాను."

"అయితే దీన్లో తప్పు సూపించు."

సూరమ్మ గుడ్డ అందుకుంది. వెలుగులోకి ఎత్తింది, తిప్పింది, అంచు మీద వేలు పెట్టి చివరిదాకా నడిపింది. ఆవిడ నోరు తెరిచేలోగా సందు మలుపులో సైకిలు గంట మోగింది. ఆదిబాబు ఎవరి సైకిలో తొక్కుకుంటూ, అవసరం లేకపోయినా కుడిచేత్తో గంట కొడుతూ వస్తున్నాడు.

"డాక్టరు తన సెయ్యి నా సేతిలో ఎట్టి దబావో, నొక్కు అన్నాడు," అన్నాడు దిగుతూనే. "దబాయించినాను. బస్ బస్, ఛోడో అని కుర్సీలోంచి లెగిసిపోనాడు. సోమారం నుంచి క్రేన్ ఎక్కమన్నాడు."

చిలకమ్మ ఆ గడప మీదే కూలబడి ఏడ్చింది. ఈసారి ఆపమని ఎవరూ అనలేదు. సూరమ్మ ముక్కు చీదుకుంది.

"మొదట్లో తప్పులే అమ్మీ," అంది మెల్లిగా. "తరవాత నీ అల్లిక నాకన్నా బాగుంది. అలాటిది ఇప్పిన రోజు నాకు అన్నం ఎల్లీది కాదు."

లోపలి నుంచి జగ్గారావు గొంతు వినబడింది. "నాకూ ఎట్టీది కాదు."

"మరి పోలమ్మప్పవి ఎందుకు ఇప్పినావు పెద్దమ్మా?"

"దానివి నిజంగానే తప్పులు," అని గుడ్డ మడిచి చిలకమ్మ చేతిలో పెట్టింది. "ఎల్లు. మీ ఆయనకి ఒల్లు రుద్దు."

ఇంటికి వచ్చాక చిలకమ్మ ఊపిరి తిప్పుకోకుండా పోలమ్మ చెప్పిందంతా ఆదిబాబుకి చెప్పింది. అతను చొక్కా విప్పుతూ విన్నాడు. గుండీలు కుడిచేత్తోనే తీశాడు.

"తెలుసు," అన్నాడు.

"ఎప్పుడు తెలిసింది?"

"నిమ్మకాయ నాడే."

"మరి నాకు సెప్పలేదేటి? డాక్టరు బంతి ఇత్తే ఇసిరీసినావు, పెద్దమ్మ నిమ్మకాయ ఇత్తే సుట్టినావేటి?"

ఆదిబాబు చొక్కా మేకుకి తగిలించాడు. "బంతి పిసికితే నాను రోగిని సిలకా," అన్నాడు. "ఉండ సుడితే నీకు సాయం సేసినోణ్ణి."

ఇన్నాళ్లూ చిలకమ్మ కష్టం తను మోస్తున్నానని అతను అనుకుంటూ, అతని కష్టం తను మోస్తున్నానని ఆమె అనుకుంటూ ఒకే దారాన్ని అటూ ఇటూ లాక్కున్నారని తోచి, ఆమెకి అతని మీద ఎన్నడూ లేనంత ప్రేమ కలిగింది. ఆదిబాబు గుడ్డ అందుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. అతని మొహం కాస్త చిన్నబోయింది.

"అయితే ఇంక దారం రాదేటి?"

"రేపట్నుంచి ఇంకోటి మొదలెడతాను బావా."

"మొదలెట్టు," అన్నాడు ఆదిబాబు. "ఈసారి కాసిన్ని తప్పులు సేత్తూ అల్లు."