చేదు తీయని కాకరకాయ కూర

మా తోటికోడలు పోయింది. గుండెపోటు. సాయంత్రం వంట చేస్తూ పొయ్యి దగ్గరే కూలబడిందట. దవాఖానకు చేర్చేసరికే ప్రాణం లేదు. సూర్యాపేట నుంచి బావగారు మా ఆయనకు ఫోన్ చేశారు. కోదాడలో మా వంటింట్లోనే ఉన్నాం ఇద్దరం, ఫోన్ స్పీకర్‌లో ఉంది, నేనూ విన్నాను. "మీ వదిన పోయిందిరా తమ్మీ" అన్నారు. ఆ వెంటనే, "పొయ్యి మీద కూర మొత్తం మాడిపోయింది, ఇల్లంత పొగ" అన్నారు. దుఃఖంలో ఉన్న మనిషి ఏదో అంటాడు, పట్టించుకోవద్దని మా ఆయన సూర్యాపేట దాకా చెబుతూనే వచ్చాడు. నేను పట్టించుకున్నాను. ఇప్పటికీ ఆ మాట మనసులోంచి పోలేదు.

మీలో ఎవరికీ ఆమె తెలియదు. తెలిసే అవకాశమూ లేదు, వంటింట్లోంచి హాల్లోకి వచ్చి కూర్చున్న రోజులే తక్కువ. పుట్టింది మిర్యాలగూడ పక్కన వేములపల్లిలో, వరి పండించే ఇంట్లో. నేను కోదాడ పిల్లను. ఇద్దరం సూర్యాపేటలో ఒకే ఇంటికి కోడళ్ళుగా వచ్చాం. ఆమె పెద్దది, అక్కా అని పిలిచేదాన్ని. నా ఉద్యోగం కోదాడకు బదిలీ అయ్యేదాకా ఒకే పొయ్యి మీద వండుకున్నాం.

ఆమె పోయిందని తెలియగానే బంధువులంతా ఫోన్లలో స్టేటస్‌లు పెట్టారు. ఆమె ఫొటో, కింద "అన్నపూర్ణ" అని. చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండింది. అందరికీ పెట్టిందని చెప్పడానికి అందరూ ముందుకొచ్చారు. ఆమె ఏం తిన్నదో చెప్పమంటే ఒక్కరికీ నోరు పెగల్లేదు. ఊరికే నిష్ఠూరం ఆడటం లేదు, నిజంగా అడిగారు, నిజంగానే ఎవరూ చెప్పలేకపోయారు.

మా వైపు దినాల నాడు పిట్టకు పెడతారు. పోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ వండి, విస్తరిలో వడ్డించి ఆరుబయట ఉంచుతారు. కాకి వచ్చి ముట్టేదాకా అందరూ దూరంగా నిలబడి చూస్తారు. ముట్టకపోతే మనిషికి ఏదో కోరిక మిగిలిపోయిందని నొచ్చుకుంటారు. ముందురోజు హాల్లో కూర్చుని ఏమేం వండాలో మాట్లాడుకున్నారు. మటన్ అన్నారు బావగారు. బూరెలు అన్నారెవరో. మా ఆయనే, పాపం, "అసలు వదినకు ఏమిష్టముండె?" అని అడిగాడు. అందరూ అక్క కూతురి వైపు చూశారు. మిర్యాలగూడలో కాపురం ఉంటున్న పిల్ల, తల్లి చేతి వంట తిని పెరిగిన పిల్ల. ఏడ్చి ఏడ్చి ఉబ్బిపోయిన ముఖం ఎత్తి, "అమ్మకు అన్నీ ఇష్టమే" అన్నది.

నాకు తెలుసు. అందుకే చెప్పాను. "కాకరకాయ కూర. చేదు తీయకుండా వండాలి."

బావగారు నన్ను వింతగా చూశారు. "పోయినామెకు చేదు పెడ్తరా అమ్మా? నలుగురు ఏమనుకుంటరు?" అన్నారు. ఆయన మాటకు ఆ ఇంట్లో నేను ఎదురు చెప్పిన సందర్భాలు లేవు. ఆ రోజు చెప్పాను. బతికున్నన్నాళ్ళు ఆమె కోసమని ఆ ఇంట్లో ఎవరూ ఒక్క కూర వండలేదు, ఈ ఒక్క విస్తరైనా ఆమెది కావాలన్నాను. గొంతు పెద్దదైందని మా ఆయన తర్వాత చెప్పాడు. చివరికి బావగారే, "సరె, ఓ మూలకు ఒక ముద్ద పెట్టుండ్రి" అన్నారు. భార్య విస్తరిలో భార్యకు ఒక మూల ఇచ్చారు. అదీ మేలే అనుకున్నాను.

అక్క వంట గురించి చెప్పాలి. పండగ వంట ఎవరైనా చేస్తారు. ఆమె గొప్పతనమంతా ఉత్త రోజుల్లో, సాయంత్రం పూట. నేను ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పేసరికి పొయ్యి మీద ఒక్కటే గిన్నె ఉండేది. ఆ ఒక్క గిన్నెలోంచే ఇంట్లో ఎవరి కూర వాళ్ళకు వచ్చేది. అప్పుడు మా అత్తమ్మ ఉండేది, ఆమెకు బీపీ, ఉప్పు తినకూడదు. బావగారికి కారం నషాళానికి ఎక్కాలి. అక్క కూతురు అప్పటికి చిన్నపిల్ల, కారం తగిలితే అన్నం మానేసేది. అక్క కందిపప్పులో తోటకూర వేసి ఉప్పూ కారం లేకుండా మెత్తగా ఉడికించి దించేది. అత్తమ్మకు తీసిన దాంట్లో నిమ్మకాయ పిండి, జీలకర్ర వేయించి పొడి చల్లేది. "ఉప్పు లేదని నాలుకకు తెల్వనియ్యొద్దు సెల్లె, జర పులుపు సూపియ్యాలె" అనేది. పిల్ల గిన్నెలో ఉప్పు, నెయ్యి. మిగిలిన దానికి ఉప్పు వేసి, ఎల్లిపాయలు చితక్కొట్టి, ఎండుమిరపకాయలు నల్లబడీ పడకముందే పోపు పెట్టేది. ఇంకో పొయ్యి వెలిగించేది కాదు. అందరూ ఒకే పప్పు తిన్నారు, ఎవరికి కావలసిన పప్పు వాళ్ళు తిన్నారు.

నేను ఫోన్లో వంటల వీడియోలు చూపిస్తే ఓపిగ్గా మొత్తం చూసేది. చూసి, "గా వీడియోల సెప్పినట్టు చేస్తె గా వీడియోలున్నోళ్ళే తినాలె. మనింట్ల మనోళ్ళు తినాలె గద" అని నవ్వేది. ఒకసారి పిల్ల బడి నుంచి వచ్చి పాస్తా కావాలని మంకుపట్టు పట్టింది. ఇంట్లో పాస్తా ఎక్కడిది? అక్క సేమ్యా ఉడకబెట్టి వార్చింది. టమాటాలు, ఎల్లిపాయలు నూనెలో గుజ్జు చేసి, కాస్త చక్కెర, మిరియాల పొడి వేసి, పైన పాల మీగడ కలిపింది. పిల్ల గిన్నె నాకేసింది. చాలా రోజుల వరకు ఆ పిల్లకు పాస్తా అంటే సేమ్యానే. చెప్పాపెట్టకుండా చుట్టాలొస్తే పలచటి కూర వేయించిన పల్లీల పొడితో చిక్కబడి ఇద్దరికి సరిపోయేది నలుగురికి వచ్చేది. మా కోదాడ అమ్మ చేసే గోంగూర పచ్చడి ఆమెకు నేనే నేర్పాను. మరుసటి వారానికే అందులో నువ్వుల పొడి వేసింది. మా అమ్మ వచ్చి తిని, ఇంటికెళ్ళాక తనూ నువ్వులు వేయడం మొదలుపెట్టింది. ఎవరి దగ్గర నేర్చుకుందో మాత్రం ఎవరికీ చెప్పలేదు మా అమ్మ. అదొక మెప్పు అనుకుని అక్క మురిసిపోయింది. ఆమెకు దక్కిన మెప్పులు ఇలాంటివే మరి.

ఎందుకంటే బావగారు తిన్నంతసేపూ తప్పులు వెతికేవారు. చుట్టాల ముందు మరీనూ. "ఉప్పు జర తక్కువైంది", "ఇయ్యాల పోపు మాడినట్టున్నది". అన్నీ అని, మూడోసారి వడ్డించుకునేవారు. ఒకసారి నాకు కోపమొచ్చి, బాగుందని ఒక్కసారైనా అంటే ఆయన సొమ్మేం పోయిందని వంటింట్లో గొణిగాను. అక్క గిన్నెలు సర్దుతూ, "బాగలేకపోతె మూడుసార్లు ఏసుకుంటడా? ఆయన నోటి దిక్కు సూడకు, పళ్ళెం దిక్కు సూడు" అన్నది. ఆ తృప్తితో ఎన్నేళ్ళు నెట్టుకొచ్చిందో! నాకైతే అది తృప్తిలా కనిపించలేదు. వేరే ఏమీ దొరకని మనిషి తనకు తాను చెప్పుకున్న సర్దుబాటు అది.

ఆదివారం మటన్ వండేది. వాడకట్టంతా వాసన వచ్చేది. అందరూ తినిపోయాక ఆమె కూర్చునేసరికి గిన్నెలో ముక్క లేకుండా షోర్వా, ఉత్త బొక్కలు ఉండేవి. కొన్నాళ్ళకు "వాసన పడ్తలేదు సెల్లె" అని మటనే మానేసింది. ఉప్పు చూడటానికి కూడా నోట్లో వేసుకునేది కాదు, నన్ను పిలిచి చూడమనేది. ఆమె మటన్ తినడం లేదన్న సంగతి ఆ ఇంట్లో నాకు తప్ప ఎవరికీ తెలిసినట్టు లేదు. ఆమె పళ్ళెంలోకి ఎవరు చూశారు గనక?

కాకరకాయ సంగతి ఒక వానాకాలం సాయంత్రం తెలిసింది. బావగారు పెళ్ళికని మోతె వెళ్ళారు, మా ఆయనా పిల్లా ఆయన వెంట వెళ్ళారు. అత్తమ్మ పెందలాడే తిని పడుకుంది. మేమిద్దరమే. అక్క మేడ మీదికెళ్ళి, పాత బకెట్లో తను పెంచిన తీగ నుంచి కాకరకాయలు కోసుకొచ్చింది. ఎప్పుడూ ఆమె వాటి పైన గరుకంతా చెక్కి, ఉప్పు రాసి, గంటసేపు ఉంచి, గట్టిగా పిండి, మజ్జిగలో ఉడికించి, బెల్లం వేసి వండేది. ఆ ఇంట్లో అలాగే తినేవారు. ఆ రోజు ఏదీ చేయలేదు. సన్నగా చక్రాలు కోసి, కొంచెం నూనెలో, సన్నమంట మీద, మూత పెట్టకుండా వేయించింది. ఉల్లిగడ్డ వేసింది. చివర్లో ఎల్లిపాయకారం చల్లింది. అంతే. వేడన్నంలో కలుపుకుని, గోడకు ఆనుకుని కింద కూర్చుని తిన్నది. అంత నెమ్మదిగా, అంత ఇష్టంగా ఆమె తినడం నేను చూడటం అదే మొదటిసారి.

నేనో ముద్ద నోట్లో పెట్టుకున్నాను. ముఖం అష్టవంకర్లు పోయింది.

"ఇంత చేదు ఎలా తింటున్నావ్ అక్కా?"

"చేదంత పిండి పారబోసి, బెల్లమేసి, ఇగ దాన్ని కాకరకాయ అంటరు. గంత కష్టమెందుకు, బీరకాయ తెచ్చుకోరాదు?" అని పకపకా నవ్వింది. "మా ఊర్ల మా అమ్మ గిట్లనే చేస్తుండె. మొదలు చేదు తెలుస్తది. నాలుగు ముద్దలు తిన్నంక నువ్వే ఇంక కావాలంటవ్."

నాలుగు ముద్దల దాకా నేను వెళ్ళలేదు. పెళ్ళైన కొత్తలో ఇదే కూర వండితే, ఇది మనుషులు తినేదేనా అని బావగారు చుట్టాల ముందు పళ్ళెం తోసేశారట. అది కూడా నవ్వుతూనే చెప్పింది. ఆ రోజు నుంచి చేదు పిండటం మొదలుపెట్టింది. ఇంటికి తగ్గట్టు మార్చుకోవడం ఆమెకు బాగా వచ్చని మేమంతా పొగుడుకున్నాం. కూరలతో పాటు ఆమె కూడా మారాల్సి వచ్చిందని ఎవరం అనుకోలేదు.

అత్తమ్మ పోయినప్పుడు పిట్టకు ఏం పెట్టాలని ఎవరూ ఎవరినీ అడగలేదు. చింతకాయ తొక్కు, చేపల పులుసు, మెత్తటి గారెలు అని అక్క గడగడా చెప్పింది, వండింది. ఆ ఇంట్లో ప్రతి నాలుక ఆమెకు తెలుసు.

సరే, అక్క దినం వచ్చింది. కాకరకాయలు నేనే కోశాను. పిండలేదు, బెల్లం ముట్టుకోలేదు. ఆమె చేసినట్టే సన్నమంట మీద వేయించాను. విస్తరి నిండా మటన్, బూరెలు, అన్నం, పెరుగు. ఒక మూలకు నా కూర. ఆరుబయట పెట్టి దూరంగా నిలబడ్డాం. కాకి రాలేదు. ఎండ ఎక్కింది. బావగారు చేతులు జోడించి, "నీ బిడ్డకు ఏం తక్కువ చెయ్య, వచ్చి ముట్టు" అన్నారు. నేనూ మనసులో మొక్కాను. వస్తే ఆ మూలకే రావాలని మొక్కాను. అంత పిచ్చి ఆశ నాకు మరెప్పుడూ కలగలేదు.

కాకి వచ్చింది. విస్తరి చుట్టూ గెంతింది. మటన్ ముక్క నోట కరుచుకుని ప్రహరీ మీదికి ఎగిరిపోయింది.

అందరూ ఊపిరి పీల్చుకున్నారు. బావగారు కళ్ళు తుడుచుకుంటూ, "ఆమెకు మటన్ అంటె పానం" అన్నారు. ఆ కన్నీళ్ళు అబద్ధమని నేను అనను. ఆయనకు నిజంగానే తెలియదు. అదే నాకు మింగుడు పడటం లేదు. ఇన్నేళ్ళు ఎదురుగా కూర్చుని తిన్న మనిషికి తెలియలేదు, ఆకలేసిన కాకి వచ్చి ఆయన మాటే నిజం చేసి పోయింది.

భోజనాలు మొదలయ్యాయి. మిగిలిన కాకరకాయ కూర గిన్నె పట్టుకుని నేను వంటింట్లోకి వెళ్ళాను. అక్క కూతురు ఒక్కతే పొయ్యి దగ్గర నిలబడి ఉంది. గోడ మీద ఇంకా పొగ మసి ఉంది. నా చేతిలో గిన్నె చూసి, "నిజంగ అమ్మ గిది తింటుండెనా చిన్నమ్మా?" అని అడిగింది. అవునన్నాను. పళ్ళెంలో కాస్త అన్నం పెట్టుకుని, కూర కలుపుకుని నోట్లో పెట్టుకుంది. ముఖం ముడుచుకుపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"మస్తు చేదున్నది."

"ఉంటుంది" అన్నాను.

హాల్లోంచి బావగారి గొంతు వినిపించింది. "ఇంకొంచెం మటన్ తెండ్రి అమ్మా!" పిల్ల వెంటనే పళ్ళెం గట్టు మీద పెట్టేసి, చెయ్యి కడుక్కోవడానికి నల్లా వైపు తిరిగింది. అచ్చం వాళ్ళమ్మలాగే, ఆలోచన కూడా లేకుండా. నేను పళ్ళెం తీసి మళ్ళీ ఆమె చేతిలో పెట్టాను. "తిను" అన్నాను. అదే పళ్ళెంలో నేనూ చెయ్యి పెట్టాను.

హాల్లోంచి మళ్ళీ పిలిచారు. ఇద్దరం నిలబడే తింటున్నాం. నాలుగు ముద్దలయ్యాయి. చేదు కొంచెం కూడా తగ్గలేదు. నేను ఇంకో ముద్ద కలిపాను.