సారు పేరు మీదే

కేరళలోని తొడుపుళ బడుల్లో కంప్యూటర్లు బాగుచేసే వర్కీ వాటిని ‘తల్లీ’ అని ఎందుకు పిలుస్తాడో ఇప్పటికీ ఎవరికీ అంతుపట్టదు. ముండు పంచె మడిచి కట్టి, కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, ఒంటి వేలితో టైపు చేస్తాడు. ఆ రోజు లీలామణి టీచర్, చనిపోయిన భర్త గొంతుతో పాఠాలున్న డిస్కు తెచ్చింది. బడిలోని లినక్స్ కంప్యూటర్లో ఫైళ్ళ పేర్లు కనిపిస్తున్నాయి గానీ, తెరవబోతే అనుమతి లేదంటోంది.

“అంతా చెరిపేసి కొత్తగా వాడుకోమన్నారు, వర్కీ.”

“ఎవడా మహానుభావుడు? తాళం తీయడం రాకపోతే ఇల్లు కూల్చమంటాడా? ఇది చెడిపోలేదు టీచరమ్మా, ఇంకా సారు పేరు మీదే ఉంది, అందుకే మిమ్మల్ని తెరవనివ్వట్లేదు. మీ పేరుకి మార్చెయ్యనా?”

ఆమె డిస్కు మీద అరచెయ్యి ఆనించింది. “మార్చకుండా వినలేమా?”

వర్కీ వేలు ఆగింది. పేరు కదపకుండా, ఆమెకు వినే అనుమతి మాత్రం ఇచ్చాడు. స్పీకర్లో ఒక గొంతు సవరించుకుని పాఠం మొదలుపెట్టింది. ఆమె కళ్ళు తుడుచుకుని తిరిగి చూసేసరికి వర్కీ, చెప్పకుండానే, గేటు దాటిపోతున్నాడు.