పసుపు గీత పెట్టిన బోల్టు

మేం మోపిదేవి చేరేసరికి ఉదయం ఆరూ పది. వాన వెలిసింది. కృష్ణ మాత్రం ఇంకా గట్టు అంచునే పారుతోంది. ఐదు లారీలు, నాలుగు పడవలు, ఒక అంబులెన్సు. ఒక స్కూలు ఆవరణలో దిగాం. పిక్కల దాకా బురద.

గుడివాడలో నా షెడ్డుకు వచ్చేవాళ్ళు, నేను సైన్యంలో చేశానని తెలిసి, సరిహద్దు గురించి అడుగుతారు. పదిహేడేళ్ళ సర్వీసులో సరిహద్దూ చూశాను, మంచూ చూశాను. నన్ను వదలనిది మాత్రం ఇక్కడికి గంటన్నర దూరంలో, వరద సహాయానికి వచ్చిన ఆ పన్నెండు రోజుల డ్యూటీ.

నేను బండ్ల మెకానిక్కుని. అప్పటి హోదా నాయక్. నా పైన హవల్దారు మెకానిక్కు ఉండేవాడు. అతనిది పెడన, మగ్గాల ఇల్లు. నాది ముదినేపల్లి. యూనిట్లో అందరూ అతన్ని ఉస్తాద్ అంటే నేను బావా అనేవాణ్ణి, అతనూ నన్ను అలాగే పిలిచేవాడు. చుట్టరికం ఏమీ లేదు. పరాయి రాష్ట్రంలో మన మాట వినపడితే వరస దానంతటదే కలిసిపోతుంది.

పనిలో బావకు రెండు అలవాట్లు. బోల్టు బిగించాక, కొలత రెంచి చాలన్నా సరే, తన చేత్తో ఇంకో గుంజు గుంజేవాడు. ఆపైన బోల్టుకూ అది పట్టి ఉంచే భాగానికీ కలిపి పసుపు పెయింటుతో ఒక గీత పెట్టేవాడు. గీత చెదిరితే బోల్టు కదిలినట్టు లెక్క. రెండోది, పనికిరాదని తేల్చిన బెల్టును అక్కడికక్కడే కోసెయ్యడం. ఎవరైనా పొరపాటున మళ్ళీ ఎక్కిస్తారని భయం. నాకూ అదే నేర్పాడు.

నాలుగో రోజు ఉదయం తొమ్మిదిన్నరకు డ్రైవరు అంబులెన్సులో ఏదో చప్పుడు వస్తోందన్నాడు. పై మూత తీశాను. టైమింగ్ బెల్టు, అంటే ఇంజను పై భాగాన్నీ కింది భాగాన్నీ ఒకే లయలో తిప్పే పట్టీ, నూనెలో నానిపోయి ఉంది. రెండు చోట్ల పగుళ్ళు. సాయంత్రానికల్లా బండి సిద్ధం కావాలని మా జట్టును నడిపించే సుబేదారు ఆర్డరు. కొత్త బెల్టు పెట్టెలో ఉంది. బావ పడవ ఇంజను దగ్గర ఉన్నాడు. నేను బ్లేడు తీసి పాత బెల్టును పైనుంచే కోసేశాను.

కొత్తది ఎక్కాలంటే ఇంజను అడుగున పుల్లీ చక్రం ఊడాలి. పుల్లీని పట్టి ఉంచేది ఒకే ఒక్క బోల్టు. ముందు దాన్ని వదిలించి, తర్వాత బెల్టు కొయ్యాలి. నేను తిరగేసి చేశాను. చెయ్యి తిరిగినవాణ్ణని నా పొగరు.

ఆ బోల్టు మీద పసుపు గీత ఉంది. రెండేళ్ళ కింద బావ బిగించిందే. డ్రైవరును ఐదో గేరులో పెట్టి బ్రేకు తొక్కి కూర్చోమన్నాను. మూడడుగుల రాడ్డు వేసి లాగాను. వీసమంత కదల్లేదు. రాడ్డే వంగింది. బెల్టు ఉన్నప్పుడైతే రాడ్డును బండి చట్రానికి ఆనించి స్టార్టరు ఒక్కసారి కొడితే ఇంజనే తిరిగి బోల్టును వదిలించేస్తుంది. బెల్టు లేకుండా ఇంజను తిరిగితే పిస్టన్లు వాల్వులను కొట్టి ఇంజనే పాడవుతుంది. ఆ దారీ నేనే మూసుకున్నాను.

పదకొండుకు బావ వచ్చాడు. ముదినేపల్లి చెరువు చేపల బలం ఇంతేనా అని నవ్వాడు. అంతలో నేల మీద బెల్టు ముక్క చూశాడు.

"అప్పుడే కోసేశావా?"

స్కూలు వెనక పాత బోరింగు పైపు ఉందని, తెస్తానని వెళ్ళాడు. పదకొండూ పదికి పైపు భుజాన వేసుకునే వచ్చాడు. దాన్ని జాగ్రత్తగా కింద పెట్టి, ఆ తర్వాత చెప్పాడు.

"ఇటికల కింద తాచుంది బావా. చేతి మీద కరిచింది."

అంబులెన్సుతో వచ్చిన నర్సింగ్ అసిస్టెంటును కేకేశాను. అతను తన దగ్గరున్న విషం విరుగుడు మందంతా ఎక్కించాడు. ఊపిరి తగ్గితే శ్వాస అందించే మిషను కావాలని, అది బందరు ఆసుపత్రిలోనే ఉందని చెప్పాడు. నలభై కిలోమీటర్లు. మధ్యలో రోడ్డు మీద నడుంలోతు నీళ్ళు, కార్లు రాలేవు, మా ఎత్తు బండ్లే దాటగలవు. ఊళ్ళో ట్రాక్టర్లన్నీ గట్టు తెగి పడిన గండి దగ్గర ఇసుక బస్తాలు మోస్తున్నాయి. సుబేదారు మా లారీలను వైర్‌లెస్‌లో పిలిచాడు.

"గండికి అవతలే ఇరుక్కున్నాం. మూడింటి లోపు రాలేం. ఓవర్."

బావను స్ట్రెచరు మీద అంబులెన్సు ముందే వరండాలో పడుకోబెట్టాం. తలగడ ఎత్తు పెట్టమన్నాడు, పని కనపడాలని. బోల్టు తలను వేడి చెయ్యమన్నాడు. బ్లో ల్యాంపు పెట్టాను. అప్పటికే మాట ముద్దగా వస్తోంది, రెప్పలు వాలిపోతున్నాయి.

"నేనే బిగించాను కదరా. కాస్త ఎక్కువే బిగించాను."

పన్నెండుంబావుకు, రాడ్డుకు తొడిగిన ఆ ఆరడుగుల పైపుతో బోల్టు వదిలింది. తుపాకీ పేలినట్టు చప్పుడు. కొత్త బెల్టు ఎక్కించి, గుర్తులు కలిపి, చేత్తో రెండు చుట్లు తిప్పి చూసి, స్టార్టు చేసేసరికి ఒంటిగంట దాటింది. చల్లపల్లి దాటాక బావ ఊపిరి ఆగింది. బందరు దాకా అసిస్టెంటు గాలితిత్తి నొక్కుతూనే ఉన్నాడు. ఆసుపత్రి గేటు దగ్గర నాడి లేదు.

లెక్క నేనే వేసుకున్నాను. పాత బెల్టు ఉండి ఉంటే మూతలు బిగించి పదకొండున్నరకే బయలుదేరేవాళ్ళం. పగుళ్ళతోనే బందరు దాకా వచ్చేది. నాకు తెలుసు. ఆ ముక్కను తర్వాత రెండు చేతులా లాగి చూశాను, తెగలేదు.

పన్నెండో రోజు తిరుగు ప్రయాణంలో సుబేదారు పెడనలో బండి ఆపించాడు. బావ వాళ్ళ నాన్న మగ్గం దగ్గర కూర్చుని ఉన్నాడు, నేయడం లేదు. నా చేతులు పట్టుకుని అడిగాడు.

"మావాడు ఆఖర్న ఏం చేస్తున్నాడు బాబూ?"

"నాకు సాయం చేస్తున్నాడు మావయ్యా."

అది అబద్ధం కాదు. బెల్టు సంగతి మాత్రం చెప్పలేకపోయాను. ఇప్పుడు ఆయనా చనిపోయాడు. అందుకే మీకు చెబుతున్నాను. నా షెడ్డులో కొత్త బెల్టుతో ఇంజను స్టార్టయ్యేదాకా పాత బెల్టును ఎవరూ కొయ్యకూడదు. ఎందుకని అడిగితే పని చూసుకోమంటాను.

ఆ రోజు బోల్టు వదిలిన చప్పుడుకు నేను వెనక్కి తిరిగాను. బావ రెప్పలు లేవడం లేదు. కాటు పడని చేత్తో, చూపుడు వేలితో ఒక కంటి రెప్ప పైకి ఎత్తి పట్టుకుని, రెండు ముక్కలైన తన పసుపు గీతను చూస్తున్నాడు.