బెంచీ మారిన అమ్మాయి

కరోనా తగ్గిన ఏడాది చలికాలంలో, షామ్‌బర్గ్‌లో మా ఇంటి దగ్గరి లైబ్రరీలో వాలంటీర్‌గా చేరాను. డిపెండెంట్ వీసా మీద ఉన్నదాన్ని, ఉద్యోగం చేయడానికి వీల్లేదు. మంగళవారం పొద్దున పది నుంచి పన్నెండు దాకా ఒక బల్ల దగ్గర కూర్చుని, కంప్యూటర్ రాని పెద్దవాళ్లకు సాయం చేయడం నా పని. చాలామంది పాస్‌వర్డ్ మరిచిపోయి వచ్చేవాళ్లు. కొందరు మనవళ్ల ఫోటోలు ప్రింట్ తీయించుకునేవాళ్లు.

ఒకావిడ మాత్రం నాలుగు వారాలు వరసగా వచ్చి ఏమీ అడగలేదు. తొంభై మూడేళ్ల మనిషి. జర్మనీలో పుట్టి, పెళ్లయ్యాక ఈ దేశం వచ్చిందట. పెద్దవాళ్ల కోసం టౌన్‌షిప్ నడిపే వ్యాన్ దిగి, వాకర్ నెట్టుకుంటూ వచ్చి నా ఎదుట కూర్చునేది. మంచు గురించి నాలుగు మాటలు మాట్లాడి, పన్నెండింటికి అదే వ్యాన్‌లో వెళ్లిపోయేది. ఐదో మంగళవారం చేతిసంచిలోంచి ఒక కాగితం తీసి నా ముందు పెట్టింది. దాని మీద పెన్సిల్‌తో ఒక ఆడపిల్ల పేరు, ఇంటిపేరు, ఊరు రాసి ఉన్నాయి.

"ఈ అమ్మాయి ఏమైందో కంప్యూటర్‌లో తెలుస్తుందా?"

"మీ చుట్టమా అండీ?"

"బళ్లో నా పక్కన కూర్చునేది. ఎనభై నాలుగేళ్లయింది."

వ్యాన్ వచ్చేలోపు కొంత చెప్పింది, మిగతాది తర్వాతి వారం. వాళ్లది చిన్న ఊరు. తండ్రి పోస్టాఫీసులో గుమాస్తా. దేశం ఆ నియంత చేతికి వచ్చిన కొత్తలో, రేడియోలో వినిపించే అతని గొంతును తండ్రి అనుకరించి ఇంట్లో అందరినీ నవ్వించేవాడట. ఆ తర్వాత ఉద్యోగం నిలుపుకోవడానికి గుమ్మానికి జెండా కట్టాడు. "ఇంకో రెండేళ్లకి, ఆ గొంతు వింటూ ఎవరైనా నవ్వితే ఊరుకునేవాడు కాదు. ఎప్పుడు మారాడో నాకు తెలియదు. ఒకే ఇంట్లో ఉన్నాం, అయినా తెలియలేదు," అంది.

ఆ స్నేహితురాలు యూదుల పిల్ల. వాళ్లమ్మ బట్టలు కుట్టేది. బడి వదిలాక ఇద్దరూ ఆ ఇంట్లోనే ఆడుకునేవాళ్లు. ఒకరోజు భోజనాల దగ్గర తండ్రి, "ఇంకా ఆ పిల్ల పక్కనే కూర్చుంటున్నావా?" అని అడిగాడు. అంతే, ఇంకేమీ అనలేదు. మర్నాడు క్లాసులో ఈవిడ చెయ్యెత్తింది.

"నన్నెవరూ లేపలేదు. టీచర్ నన్ను మార్చలేదు. నేనే చెయ్యెత్తి, బెంచీ మారతానని అడిగాను. టీచర్ మెచ్చుకుంది, క్లాసంతా చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు నాకు బాగున్నాయి. అది కూడా నీకు చెప్పాలి."

కొన్నాళ్లకు ఆ పిల్ల బడికి రావడం మానేసింది. యూదుల పిల్లల్ని బడుల్లోంచి తీసేశారు. ఆ తర్వాత వాళ్ల ఇల్లు ఖాళీ అయింది. సామాన్లు వేలం వేశారు. ఈవిడ ఇంటికి ఒక కుట్టుమిషన్ వచ్చింది. అది ఎక్కడిదని అడిగితే తల్లి చెంప మీద కొట్టింది. ఎన్నడూ కొట్టని తల్లి.

అక్కడికి ఆపి ఆవిడ నన్ను అడిగింది: "మీ దేశంలో బళ్లలో ఇలాంటివి ఉండేవా?"

అబద్ధం చెప్పాలనిపించలేదు. "మా క్లాసులో ఊరి చివరి వాడ నుంచి ఒకమ్మాయి వచ్చేది. తలుపు పక్కన ఒక్కతే కూర్చునేది. బెంచీ మారతానని ఎవరూ చెయ్యెత్తి అడగాల్సిన పని కూడా లేకపోయింది. ఎవరెక్కడ కూర్చోవాలో అందరికీ ముందే తెలుసు," అన్నాను. ఆవిడ నా చేతి మీద చెయ్యి వేసి, కాసేపు అలాగే ఉంచింది.

ఇంట్లో మా ఆయనకు చెప్తే కంగారుపడ్డాడు. "వద్దు, వదిలెయ్. ఏజ్ నైంటీ త్రీ అంటున్నావ్. సెర్చ్ చేసి బ్యాడ్ న్యూస్ చెప్తే తట్టుకోగలదా? నీకెందుకా రిస్క్?" అన్నాడు. నాకూ అదే భయం. కానీ నాలుగు వారాలు ధైర్యం కూడగట్టుకుని వచ్చిన మనిషికి, ఇంటర్నెట్ పని చేయడం లేదని ఎలా చెప్పను?

ఆ కాలంలో జనాన్ని తరలించిన పట్టికలు దాచిన ఒక ఆర్కైవ్ ఉంది, ఎవరైనా వెతకవచ్చు. ఇంటిపేరు కొట్టాను. ముందు తండ్రి పేరు వచ్చింది, తర్వాత తల్లిది. ఇద్దరినీ ఒకే రోజు రైల్లో తూర్పు వైపు పంపారు. తిరిగి వచ్చినట్టు ఎక్కడా లేదు. ఆవిడ అద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని చూసింది.

"పిల్ల పేరు?"

"ఈ లిస్టులో లేదండీ."

లేకపోవడం మంచికో చెడుకో ఇద్దరికీ తెలియదు. ఆర్కైవ్‌కు మెయిల్ రాశాను. జవాబు వచ్చేసరికి ఏప్రిల్ అయింది. ఈలోగా ప్రతి మంగళవారం ఆ వ్యాన్ కోసం ఎదురు చూశాను. అది రెండు నిమిషాలు ఆలస్యమైతే లేచి తలుపు దాకా వెళ్లి చూసేదాన్ని.

జవాబులో రెండే వాక్యాలున్నాయి. యుద్ధానికి ముందు కొందరు యూదుల పిల్లల్ని మాత్రం, తల్లిదండ్రులు లేకుండా, రైళ్లలో, ఓడల్లో ఇంగ్లండ్‌కు పంపారు. అలాంటి ఒక పట్టికలో, తొమ్మిదేళ్ల వయసు దగ్గర, ఆ పేరుంది.

లైబ్రరీలో అందరూ తలెత్తి చూసేంత గట్టిగా చదివాను. ఆవిడ బల్లను రెండు చేతులతో పట్టుకుని, "బతికింది. దాటిపోయింది," అంది. తర్వాత జర్మన్‌లో ఏదో అంది, అనువదించలేదు.

అక్కడి నుంచి పని సులువైంది. ఆ పట్టికను బట్టి ఇంగ్లండ్‌లో ఏ ఊళ్లో పెరిగిందో తెలిశాక, అక్కడి యూదుల ప్రార్థనా మందిరానికి మెయిల్ పంపాను. వారం తిరక్కుండా ఆమె కూతురే జవాబు రాసింది. తల్లి ఆరేళ్ల క్రితం పోయిందట. ఎనభై ఏడేళ్లు బతికింది. పిల్లలకు లెక్కలు చెప్పింది. ముగ్గురు పిల్లలు, ఏడుగురు మనవలు.

మే నెలలో లైబ్రరీ చిన్న గదిలో ఫోన్ స్పీకర్‌లో పెట్టి ఆవిడనూ ఆ కూతురినీ కలిపాను. ఆవిడ ముందే అన్నీ చెప్పేసింది: చెయ్యెత్తడం, చప్పట్లు, కుట్టుమిషన్.

"మీ అమ్మ నా గురించి ఏమైనా చెప్పేదా?" అని ఆవిడ అడిగింది.

"లేదండీ. మీ పేరు నేనెప్పుడూ వినలేదు."

ఆవిడ ఊపిరి వదిలింది. తన పేరు ఆ పిల్లకు జీవితమంతా ముల్లులా గుచ్చుకుందేమో అని ఇన్నేళ్లూ అనుకుంది.

కూతురు మళ్లీ మాట్లాడింది. "అమ్మ తరఫున క్షమించానని చెప్పే హక్కు నాకు లేదు. కానీ మా అమ్మమ్మ బట్టలు కుట్టేదని ఇప్పుడే తెలిసింది. అమ్మ ఆ ఇంటి మాటే ఎత్తేది కాదు. ఒక్క ఫోటో లేదు. మీరు అమ్మమ్మను చూశారు కదా. ఎలా ఉండేది?"

ఈ ప్రశ్న మేమిద్దరం ఊహించలేదు. ఆవిడ కుర్చీలో ముందుకు జరిగింది. నోట్లో గుండుసూదులు పెట్టుకునే మాట్లాడేదని చెప్పింది. ఏ ఇంట్లోనైనా పిల్లల్ని బూట్లు విప్పమంటారు, ఆ అమ్మమ్మ మాత్రం నేల మీద సూదులుంటాయని వేసుకునే ఉండమనేదట. మిగిలిన గుడ్డముక్కలతో వీళ్ల బొమ్మలకు కోట్లు కుట్టేదట, ఆ కోట్లకు నిజమైన జేబులు పెట్టి. అవతల కూతురు ఏడుస్తూ నవ్వుతోంది, "ఆగండి, రాసుకుంటున్నాను," అంటోంది. అమ్మమ్మ కళ్లు ఏ రంగని అడిగితే మాత్రం ఆవిడకు గుర్తు రాలేదు. గంట దాటింది. వ్యాన్ వచ్చి వెళ్లిపోయింది, మేం చూసుకోలేదు.

నా కార్‌లో మా ఇంటికి తీసుకొచ్చాను. ఆకలేస్తోందంటే పప్పన్నంలో నెయ్యి వేసి పెట్టాను. రెండుసార్లు వడ్డించుకుని స్పూన్‌తో తింది. తిన్నాక సోఫాలో వెనక్కి వాలి, మాట మధ్యలోనే నిద్రపోయింది. మా అమ్మాయి స్కూల్ బస్సు దిగి వచ్చి, "అమ్మా, హూ ఈజ్ షీ? మన సోఫా మీద ఎందుకు పడుకుంది?" అని గుసగుసగా అడిగింది.

"అలిసిపోయిందమ్మా. లేపకు," అన్నాను.

సాయంత్రం ఆవిడ అపార్ట్‌మెంట్ ముందు కార్ ఆపాను. వాకర్ తీసి ఇస్తుంటే, నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"వాళ్లమ్మమ్మ కళ్లు ఏ రంగని అడిగింది, గుర్తు రాలేదన్నాను కదా? ఇప్పుడు వచ్చింది. బూడిద రంగు. రేపే ఫోన్ చేద్దాం, మంగళవారం దాకా ఆగొద్దు," అంది.