మకావ్, ముళ్ల ఎలుక, లింగమూర్తి అనుమానం

లింగమూర్తి గోదావరిఖని బొగ్గుబాయిలో పనిచేసి రిటైరయ్యాడు. బాయిలో పేలుళ్ల మోతకు చెవులు పోయాయి. మిషను పెట్టుకుంటే తప్ప మాట వినపడదు. వినపడని మాటలన్నీ తన మీదేనని ఆయన అనుమానం. కోడలు సంతోషి ఫోనులో నవ్విందంటే చాలు, ఆ పూటంతా ముఖం మాడ్చుకుని కూర్చునేవాడు.

ఆ వేసవిలో సంతోషి స్నేహితురాలు సుప్రజ, పెళ్లికని రాజమండ్రి వెళుతూ తన పెంపుడు జీవాలు రెండింటినీ వీళ్లింట్లో వదిలింది. ఒకటి నీలి రెక్కలు, పసుపు రొమ్ము ఉన్న మకావ్ చిలుక. పొడుగాటి తోక ఊపుతూ అందరినీ పలకరించేది. లింగమూర్తి వేలు చాపితే తల వంచి గోకించుకునేది. రెండోది గుప్పెడంత ముళ్ల ఎలుక. అలికిడైతే చాలు, మూతి లోపలికి లాక్కుని ముళ్ల ఉండైపోయేది. పగలంతా పడుకుని, చీకటి పడ్డాకే పురుగులు తినడానికి లేచేది.

"చిలుక మనసుల ఏం లేదు. గీ ఎలుకనే ముఖం దాసుకుంటది, దీన్ని నమ్మొద్దు," అన్నాడు లింగమూర్తి.

"అది భయానికి ముడుసుకుంటది మామా," అంది సంతోషి.

ఒక మధ్యాహ్నం కునుకు తీసి లేచేసరికి తలగడ పక్కన చెవి మిషను లేదు. ముళ్ల ఎలుక పెట్టెలో పరిచిన రంపపు పొట్టంతా తోడి చూశాడు. అది బుసకొట్టిందే తప్ప మిషను దొరకలేదు. అప్పుడాయన చూపు కోడలి మీదికి మళ్లింది.

"నేను ఇనొద్దనే దాసిపెట్టినవ్ గదా?"

సంతోషి ఏదో అంది. పెదవులు కదలడమే ఆయనకు కనిపించింది. మళ్లీ గద్దించాడు. ఆమె కళ్లు తుడుచుకుంటూ లోపలికి వెళ్లిపోయింది. ఆ రాత్రి ఆమె వడ్డించిన అన్నం ఆయన ముట్టలేదు.

మర్నాడు దొంగను పట్టాలని కళ్లజోడు తలగడ పక్కన పెట్టి, నిద్రపోతున్నట్టు పడుకున్నాడు. సంతోషి వస్తుందనే ఎదురుచూశాడు. మకావ్ ముక్కుతో పంజరం గడియ జరిపింది. తాపీగా నడిచొచ్చి, కళ్లజోడు కరుచుకుని బీరువా పైకెక్కింది. లింగమూర్తి స్టూలు వేసుకుని చూశాడు. అక్కడ సంతోషి జడక్లిప్పుతో పాటు ముక్కలుగా కొరికిన చెవి మిషను కనిపించింది.

ఆ ముక్కలు అరచేతిలో పెట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"బిడ్డా, నాది తప్పయింది. నిన్ను ఊకెనే అన్న."

సంతోషి స్టవ్వు ఆపింది. తర్వాత ఆయన చెవి దగ్గరికొచ్చి గట్టిగా అంది: "రేపు మంచిర్యాల పోయి కొత్తది తెద్దాం. ఇంకోసారి గట్లంటే మాత్రం ఊకోను మామా!"

లింగమూర్తి తలూపాడు. పంజరానికి తాళం వేసి, తాళంచెవి మాత్రం తన మొలతాడుకే కట్టుకున్నాడు.