ఉలి పట్టే రోజులు

పొద్దున్నే ఆ వడ్రంగి కిటికీ దగ్గర నిలబడి, పది వేళ్లూ వెలుతురుకు పట్టి, ఎక్కడైనా కొత్తగా తెగిందేమో చూసుకునేవాడు. గుండెలో కవాటం మార్చినప్పటి నుంచి రక్తం పలచబరిచే మాత్ర రోజూ వేసుకోవాలి. మానేస్తే కవాటం దగ్గర రక్తం గడ్డకడుతుందని డాక్టరు చెప్పాడు. వేసుకుంటేనేమో చిన్న గాటు పడినా నెత్తురు ఒక పట్టాన ఆగదు. ఒకసారి బొటనవేలికి ఉలి తగిలి రెండు తువ్వాళ్లు తడిసిపోయాయి. అప్పటి నుంచి ఆయన సొంతంగా ఒక పద్ధతి పెట్టుకున్నాడు: గరుకు కాగితంతో చెక్క నునుపు చేసే రోజు మాత్ర వేసుకోవడం, ఉలి పట్టే రోజు మానేయడం.

కొత్త తలుపుల పని మొదలైన రోజున, "ఇవాళ చెక్కుడు పని. రేపు రెండు వేసుకుంటాలే," అన్నాడు చెవి వెనక పెన్సిల్ దోపుకుంటూ.

"రేపు రెండింతలు గాలి పీలుస్తానని ఇవాళ ఊపిరి బిగబడతారా?" అంది భార్య.

"నీ నోటికున్న పదును నా ఉలికుంటే, ఈ తలుపులు సాయంత్రానికే అయిపోయేవి."

ఆమెకు నవ్వొచ్చింది. మాత్ర తిరిగి డబ్బాలో వేసింది.

తలుపుల మీద లతలు చెక్కడం వరసగా తొమ్మిది రోజులు సాగింది. పదో రోజు మధ్యాహ్నం ఉలి ఆయన చేతిలోంచి జారిపడింది. ఎక్కడా తెగలేదు, ఒక్క చుక్క నెత్తురు రాలేదు. వంగి తీసుకుందామంటే కుడిచెయ్యి కదల్లేదు, భార్యను పిలుద్దామంటే మాట రాలేదు. గుండెలో కట్టిన గడ్డ మెదడుకు చేరిందని ఆసుపత్రిలో చెప్పారు.

తలుపులు ఇంకొకరు పూర్తి చేశారు. ఇప్పుడు మాత్ర ఒక్కరోజు కూడా తప్పడం లేదు. ఎడమచేత్తో చొక్కా గుండీలు పెట్టుకోవడం మాత్రం ఆయనకింకా రాలేదు.