పీర్ల పండుగకు పులిని చేశారు

తలుపులకు వార్నిష్ వేయిస్తుంటే ఆ వాసనకు నా ఒళ్లు మళ్లీ బిగుసుకుంది. మార్కాపురం ఇంకా కర్నూలు జిల్లాలో ఉన్న రోజుల్లో, పీర్ల పండుగకు నాకు వార్నిష్ కలిపిన రంగుతో ఒంటినిండా పులిచారలు వేసి, నడుముకు తాడు కట్టారు. రంగు ఎండి చర్మం లాగుతుంటే, ఇక జన్మంతా పులినే అనుకుని ఏడ్చాను.

"మామా, విప్పు!"

తాడు పట్టుకున్న మస్తాన్ మామ నవ్వాడు. "పులి ఏడుస్తదేందిరా? మీ అన్న జ్వరం తగ్గితే పులినాడిస్తనని మీ నాయన పీరుకు మొక్కినాడు. వాడికింకా నీరసం, అందుకే నువ్వు. ఎగురు!"

అరుగు మీద అన్న బెల్లం చప్పరిస్తూ కూర్చున్నాడు.

నాకూ పిల్లలు పుట్టాక నాయన భయం అర్థమైంది. కోపం మాత్రం పోలేదు. పీరుకు చెప్పుకున్న మాట నాకూ ఒకసారి చెప్పి ఉంటే, అన్న కోసం పొద్దుగూకేదాకా నేనే ఎగిరేవాణ్ణి.